నీకూ కనిపిస్తోందా అమ్మా?

ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా మన ఆడవాళ్ళ నోట్లోంచి ముందు వచ్చే మాట ఒకటే: "నేనేం నొక్కేశానో ఏమో!" వాషింగ్ మెషీన్ నీళ్ళు వదలకపోయినా అదే మాట, టీవీలో బొమ్మ ఆగిపోయినా అదే మాట. ఆ వస్తువుకి వంద జబ్బులుండొచ్చు గాక, తప్పు మాత్రం మన వేలిదే. పెద్దవాళ్ళ సంగతి ఇంకో రకం. మనం వేలి మీద వేసుకుంటే, వాళ్ళు వయసు మీద వేసుకుంటారు. "మాకు వయసైపోయిందిలే" అని లేచి వెళ్ళిపోతారు. పైకి చెప్పను కూడా చెప్పరు. అందులోనే ఉంది అసలు చిక్కు.

మాది విశాఖపట్నం. మా మావయ్యగారు పోర్టులో టగ్గుల మీద, ఇంజిన్ రూములో 32 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. టగ్గు అంటే చిన్న పడవే, కానీ బలం చాలా ఎక్కువ. పెద్ద ఓడ తనంతట తాను రేవులో ఒదిగి నిలబడలేదు. పైలట్ ఓడ ఎక్కి దారి చెబుతుంటే, టగ్గులు ముందొకటి వెనకొకటి పట్టుకుని, నెట్టి, లాగి, దాన్ని గట్టుకి చేరుస్తాయి. మా ఊళ్ళో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి హార్బర్‌కి వెళ్ళే దారి సన్నగా ఉంటుంది. బీచ్ రోడ్డు మీద నిలబడి అటు వెళ్ళే ఓడల్ని చూడని వైజాగ్ పిల్లలుండరు.

చూడని మనిషి ఒకాయన మాత్రం ఉన్నారు. ఆయన మా మావయ్యగారే. ఇంజిన్ రూము అడుగున ఉంటుంది. పైనుంచి గంట మోగితే వేగం పెంచాలి, మళ్ళీ మోగితే తగ్గించాలి. ఓడ ఎటు తిరిగిందో, గట్టుకి ఎంత దూరంలో ఉందో కింద ఉన్నవాళ్ళకి కనపడదు. "32 ఏళ్ళు సముద్రం మీద పనిచేశానమ్మా, సముద్రం చూసింది మాత్రం డ్యూటీ దిగాకే" అంటారాయన. పెళ్ళి జరిగినంతసేపూ వంటింట్లోనే ఉండిపోయి, తాళి కట్టడం చూడలేకపోయిన వాళ్ళకి ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు ఓడలు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఆడేవాడు. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ ఆ కంప్యూటర్ హాల్లోనే వదిలేశాడు. వెళ్ళేముందు తాతయ్యని కూర్చోబెట్టి ఆట నేర్పాడు. అంతే! రోజూ సాయంత్రం టీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, మావయ్యగారు ఓడ ఎక్కేసేవారు. కావలసిన రేవు ఎంచుకోవచ్చు, కావలసిన ఓడ ఎంచుకోవచ్చు. ఆయనకి ఇష్టమైన రేవు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్. అక్కడ నది మీద 1996లో తెరిచిన ఎరాస్మస్ వంతెన ఉంది. చూడ్డానికి మెడ ఎత్తిన పక్షిలా ఉంటుందని ఆ ఊరివాళ్ళు దాన్ని హంస అంటారట. దాని కిందనుంచి టగ్గు పోనిచ్చి, "ఇప్పుడు నేను పైన నిలబడ్డానోయ్" అని అత్తయ్యగారితో చెప్పేవారు. ఆవిడ చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, "ఉద్యోగం అయిపోయినా ఓడలు అయిపోలేదు ఈ ఇంట్లో" అనేవారు.

సంక్రాంతి వెళ్ళాక ఆయన కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం. బాగా జరిగింది. కొన్నాళ్ళు తలస్నానం వద్దు, వంగి బరువులెత్తొద్దు, కన్ను నలపొద్దు అన్నారు డాక్టర్‌గారు. కంప్యూటర్ చూడొద్దని ఆయన అనలేదు కానీ అత్తయ్యగారు అన్నారు. దాంతో నెల రోజులు ఓడలన్నీ లంగరు వేసుక్కూర్చున్నాయి. డాక్టర్‌గారు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. కంట్లో మెరుపుల్లాంటివి కనిపించినా, నల్లటి చుక్కలు హఠాత్తుగా ఎక్కువైనా, ఒక పక్కనుంచి తెర దిగినట్టున్నా ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు. అవి కంటి వెనక ఉండే రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చట.

నెల తిరిగాక మావయ్యగారు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. రెండు రోజులు ఆడారు. మూడో రోజు టీ తాగి, పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. నాలుగో రోజూ అంతే. "ఏమండీ, ఇవాళ ఓడ ఎక్కట్లేదా?" అని అత్తయ్యగారు అడిగితే, "విసుగొచ్చిందిలే" అన్నారు. అదే వారంలో ఎడమ కంటి ఆపరేషన్ మాట ఎత్తితే, "ఇప్పుడేం తొందర, ఉన్న చూపు చాలు" అన్నారు. మొదటి కంటికి అంత ఉత్సాహంగా వచ్చిన మనిషి ఇలా అనడం నాకు తేడాగా అనిపించింది. మర్నాడు సాయంత్రం నేనే ఆట పెట్టి, "మావయ్యగారూ, నాకూ ఓడ నడపడం చూపించండి" అన్నాను. మొహమాటానికి వచ్చి కూర్చున్నారు.

ఓడ కదిలింది. సముద్రం మీద నల్లటి గళ్ళు. చదరంగం బల్ల మీద గళ్ళలా, ఒకచోట వెలుగుతాయి, ఒకచోట ఆరిపోతాయి. దూరాన వంతెన మీద చారలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఓడ తిప్పితే తెర మధ్యలో అడ్డంగా గీత పడి, దీపస్తంభం రెండు ముక్కలైనట్టు కనిపిస్తోంది.

"ఇదేంటి మావయ్యగారూ, నీళ్ళల్లో ఈ నల్లగళ్ళేంటి?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "నీకూ కనిపిస్తోందా అమ్మా?" అన్నారు.

ఆ ఒక్క మాటతో వారం రోజుల సంగతంతా తెలిసిపోయింది. ఆపరేషన్ ముందు ఆట బాగానే ఉంది. ఆపరేషన్ తరవాత నల్లగళ్ళు, మెరుపులు. కాబట్టి ఆపరేషన్ చెడిపోయింది. ఇదీ ఆయన లెక్క. కొడుకుతో మళ్ళీ ఖర్చు పెట్టించడం ఇష్టంలేక, అత్తయ్యగారిని కంగారు పెట్టడం ఇష్టంలేక, పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. డాక్టర్ వెంటనే రమ్మన్న గుర్తులు కనిపిస్తున్నాయనుకుంటూ కూడా!

నేను ముందు కంటి సంగతే అడిగాను. కంప్యూటర్ కట్టేశాక మెరుపులున్నాయా? లేవు. గోడ వైపు చూస్తే? లేవు. చీకట్లో, కళ్ళు మూసుకుంటే? లేవు. ఒక్కో కన్ను మూసి చూస్తే నల్లగళ్ళు రెండో కంటికి కూడా కనిపిస్తున్నాయా? కనిపిస్తున్నాయి. తప్పు తెరలోనే ఉందని నాకు నమ్మకం కుదిరింది. అయినా కన్ను విషయంలో మన ఇంటి వైద్యం పనికిరాదు కదా. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చుక్కల మందు వేసి, కంటి పాప పెద్దది చేసి, లోపలంతా చూశారు. రెటీనా శుభ్రంగా ఉందన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కానీ మావయ్యగారి మొహంలో మాత్రం పూర్తి నమ్మకం లేదు. డాక్టర్ చెప్పాడు, కోడలు చెప్పింది, సరే. మరి నెల కిందట బాగున్న ఆట ఇప్పుడెందుకు ఇలా ఉంది? దానికి జవాబు దొరికితే తప్ప ఆయన మనసు కుదటపడదు. అందుకని ఇద్దరం కలిసి ఆ ఆటని బాగుచెయ్యడానికి కూర్చున్నాం.

అబ్బాయికి ఫోన్ చేస్తే, "అమ్మా, మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించెయ్" అన్నాడు. మావయ్యగారు ఒప్పుకోలేదు. "ఇంజిన్ బలం తగ్గిందనుకో. ఫిల్టరూ మార్చి, ఇంజెక్టరూ మార్చి, ఆయిలూ మార్చేస్తే ఇంజిన్ బాగవ్వచ్చు. కానీ దేనివల్ల చెడిందో తెలీదు. మళ్ళీ చెడితే మళ్ళీ మూడూ మార్చాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చింది రాసుకోవాలి" అన్నారు. పాలవాడి లెక్క పుస్తకంలో ఖాళీ పేజీ తీసి నా చేతికిచ్చారు.

ముందుగా, కనిపిస్తున్న జబ్బులు మూడు రాశాం: నీళ్ళ మీద నల్లగళ్ళు, వంతెన మీద మిణుకు, తెర మధ్యలో అడ్డగీత. తరవాత కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ నొక్కి తెరని ఫోటోలు తీశాం. వాటిని అబ్బాయి ఫోనుకి పంపాం. ఇది చాలా తేలికైన పరీక్ష, ఎవరికైనా పనికొస్తుంది. తెర ఫోటోలో మచ్చ ఉంటే, ఆ బొమ్మ గీసే దశలోనే తప్పు జరిగిందన్నమాట. ఫోటో శుభ్రంగా ఉండి తెర మీద మాత్రం మచ్చ కనిపిస్తుంటే, మానిటర్నో, వైరునో, ఆ రెండింటి పొత్తునో అనుమానించాలి.

నల్లగళ్ళు అబ్బాయి ఫోన్లో కూడా కనిపించాయి. "తాతయ్య కన్ను వైజాగ్‌లో ఉంటే మచ్చలు హైదరాబాద్‌లో కనిపిస్తాయా?" అని వాడు నవ్వాడు. మావయ్యగారు మొదటిసారి నవ్వారు. అడ్డగీత మాత్రం ఏ ఫోటోలోనూ పడలేదు. అంటే ఇవి రెండూ వేర్వేరు జబ్బులు.

తరవాత వేడి. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ మరీ వేడెక్కితే కూడా తెర మీద రంగు మచ్చలొస్తాయి. డబ్బా పక్క రేకు విప్పితే ఫ్యాను రెక్కల మీద పరుపులోని దూదంత దుమ్ము ఉంది. పవర్ తీసేసి, పాత పెయింటు బ్రష్షుతో మెల్లగా దులిపాను. కానీ మావయ్యగారు అప్పటికే చెప్పేశారు, ఇది వేడి వల్ల కాదని. "చల్లగా ఉన్నప్పుడే దగ్గే ఇంజిన్‌కి వేడి కారణం కాదమ్మా." నిజమే. పొద్దున్న కంప్యూటర్ పెట్టిన మొదటి నిమిషంలోనే నల్లగళ్ళు వస్తున్నాయి. వేడి జబ్బయితే ఆట కాసేపు నడిచాక మొదలవ్వాలి. దుమ్ము దులిపాక చూస్తే గళ్ళు అలాగే ఉన్నాయి. రాసుకున్నాం.

అప్పుడు ఆట సెట్టింగుల్లోకి వెళ్ళాం. నీళ్ళల్లో ప్రతిబింబాలు చూపించే గడి ఒకటుంది. దాన్ని తీసేస్తే నల్లగళ్ళు మాయం! నేను చప్పట్లు కొట్టబోయాను. మావయ్యగారు తెర వైపు చూసి, "ఇది సముద్రం కాదమ్మా, పందిరి మీద కప్పే ప్లాస్టిక్ పట్టా" అన్నారు. చూస్తే నిజంగానే అలా ఉంది. మెరుపు లేదు, ఓడ నీడ లేదు. కానీ దొంగ ఎక్కడ దాక్కున్నాడో తెలిసింది. నీళ్ళల్లో నీడ చూపించాలంటే కంప్యూటర్ ఆ దృశ్యాన్ని రెండోసారి, తలకిందులుగా గీసి, దాన్ని అలల మీద పరవాలి. ఆ రెండో బొమ్మ గీసే చోటే ఏదో తేడా వస్తోంది.

మిగిలింది డ్రైవర్. డ్రైవర్ అంటే ఆటకీ గ్రాఫిక్స్ చిప్‌కీ మధ్య ఉండే దుబాసి. ఆట ఒక భాషలో అడుగుతుంది, దుబాసి దాన్ని చిప్‌కి తెలిసే భాషలో చెబుతాడు. దుబాసి మారితే, కొత్తవాడికి పాత ఆట యాస ఒక్కోసారి అర్థం కాదు. కంప్యూటర్‌లో అప్‌డేట్ల చరిత్ర అని ఒకచోట ఉంటుంది. ఏ రోజు ఏం మారిందో అందులో తేదీలతో సహా ఉంటుంది. తెరిచి చూస్తే, మావయ్యగారి ఆపరేషన్ అయిన పదో రోజున గ్రాఫిక్స్ డ్రైవర్ తనంతట తాను మారింది. అప్పట్లో మా వారు రాత్రుళ్ళు ఆఫీసు కాగితాలకి ఆ కంప్యూటర్ వాడేవారు. ఆయన ఓడలు ఆడరు కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు.

ఆ పేజీ మావయ్యగారికి చూపించాను. చాలాసేపు తేదీ వైపే చూశారు. ఒకే నెలలో రెండు మార్పులు జరిగాయి. ఒకటి ఆయన కంట్లో, ఒకటి కంప్యూటర్‌లో. తనకి తెలిసింది ఒకటే కాబట్టి నేరమంతా దాని మీదే పడింది.

అబ్బాయి చెప్పినట్టు ముందు రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకున్నాం, ఏమన్నా తేడా వస్తే వెనక్కి రావడానికి. తరవాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న చోట మన చిప్ పేరు మీద కుడివైపు నొక్కి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ అన్న పేజీకి వెళ్ళి, రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కాం. పాత డ్రైవర్ ఇంకా దాచి ఉంటేనే ఆ మీట పనిచేస్తుంది, లేకపోతే మసగ్గా ఉంటుంది. మాకు పనిచేసింది. తెర ఒక్క క్షణం నల్లబడి వచ్చింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాం. ప్రతిబింబాల గడిలో మళ్ళీ టిక్కు పెట్టి ఆట తెరిచాం.

నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి. టగ్గు ఎర్ర రంగు అలల్లో కదులుతోంది. మావయ్యగారు ఏమీ అనలేదు. ఓడని మెల్లగా చుట్టూ ఒకసారి తిప్పి చూసుకున్నారు.

అడ్డగీత సంగతి ఇంకా తేలిక. తెర సెకనుకి 60 సార్లు పైనుంచి కిందకి బొమ్మ వేసుకుంటుంది. అది సగంలో ఉండగానే కంప్యూటర్ కొత్త బొమ్మ పంపితే, పైసగం పాతది, కిందిసగం కొత్తది పడుతుంది. ఓడ తిరిగేటప్పుడు నిలువు స్తంభాలు అక్కడ విరిగినట్టుంటాయి. కంప్యూటర్ గీసిన బొమ్మ నిండుగానే ఉంటుంది, అతుకు తెర మీద పడుతుంది, అందుకే ఫోటోలో రాలేదు. వి-సింక్ అన్న గడిలో టిక్కు పెడితే, తెర తయారయ్యేదాకా కంప్యూటర్ ఆగుతుంది. పెట్టాం, పోయింది. "ఈ గీత ఆపరేషన్‌కి ముందు కూడా ఉండేదమ్మా" అన్నారు మావయ్యగారు అప్పుడు. ముందు ఉన్నప్పుడు అది ఆట గొడవ. తరవాత అదే గీత కంటి గొడవైపోయింది!

వంతెన మీద మిణుకు మాత్రం దేనికీ లొంగలేదు. దానికి కారణం వేరు. ఏది ముందుంది, ఏది వెనకుంది అని తెలుసుకోవడానికి కంప్యూటర్ తెర మీద ప్రతి చుక్కకీ ఒక దూరం అంకె రాసుకుంటుంది. దగ్గరవి సన్నటి కొలతతో, దూరానివి మోటు కొలతతో కొలుస్తుంది. ఓడల ఆటలో కాళ్ళ దగ్గర రెయిలింగూ చూపించాలి, మైళ్ళ దూరంలో వంతెనా చూపించాలి. అంత దూరంలో వంతెన దూలానికీ, దాని మీద రంగు పట్టీకీ ఒకే అంకె పడుతుంది. ఏది ముందో తేల్చలేక ఒకసారి ఇది, ఒకసారి అది చూపిస్తుంది. దీన్ని జడ్-ఫైటింగ్ అంటారు. దగ్గరికి వెళ్తే ఆగిపోతుంది. ఆట తయారీలోనే ఉన్న గుణం, మనం చెయ్యగలిగింది తక్కువ.

"అది నేను ఆడినప్పటి నుంచీ ఉందమ్మా" అన్నాడు అబ్బాయి. "తాతయ్యకి అప్పుడే చూపించాను కూడా. నాకేం కనపడట్లేదురా అన్నారు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మావయ్యగారు విన్నారు. ఆ మిణుకు ఎప్పుడూ ఉంది. శుక్లం పట్టిన కంటికి వంతెన మొత్తం ఒక మబ్బులా కనపడేది కాబట్టి, అందులో సన్నటి చారలు ఆడుతున్న సంగతి తెలియలేదు. కొత్త కంటికి కనిపించింది. ఆపరేషన్ చెడిందనడానికి సాక్ష్యం అనుకున్నది, ఆపరేషన్ బాగా జరిగిందనడానికి సాక్ష్యమైంది.

"అయితే అది అలాగే ఉండనీ" అన్నారు మావయ్యగారు.

మనలో చాలామంది ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళుంటారు. ఫోన్ మాట వినపడకపోతే చెవుడు అనుకుంటారు, స్పీకర్ చిల్లుల్లో దుమ్ము పట్టి ఉంటుంది. బ్యాంకు మెషీన్ కార్డు తీసుకోకపోతే బుర్ర పనిచెయ్యట్లేదనుకుంటారు, మెషీనే చెడి ఉంటుంది. వాళ్ళు ఇష్టమైన పనేదైనా ఉన్నట్టుండి మానేస్తే, ఎందుకు మానేశారని అడగడం కన్నా, పక్కన కూర్చుని ఆ పని ఒకసారి మనమూ చేసి చూడటం మంచిది. వాళ్ళకి కనిపించేది మనకీ కనిపిస్తే, సగం భారం అక్కడే దిగిపోతుంది. కనిపించకపోతే డాక్టర్ దగ్గరికి ఆలస్యం చెయ్యకుండా తీసుకెళ్ళొచ్చు. రెండు విధాలా లాభమే.

వచ్చే నెల ఎడమ కంటికి ఆపరేషన్. ఈసారి తేదీ మావయ్యగారే అడిగి పెట్టించుకున్నారు. పాలవాడి పుస్తకంలో ఆ పేజీ చివర ఆయన దస్తూరీతో ఒక లైను చేరింది: "ఎడమ కన్ను బాగయ్యేవరకు కంప్యూటర్‌లో ఏ అప్‌డేటూ చెయ్యరాదు. ఒకసారికి ఒకటే." మా వారికి కూడా చదివి వినిపించారు, సంతకం ఒక్కటే పెట్టించలేదు.